గెడ్డ నీళ్ల పరీక్ష కిట్టు: వలకి పూర్తి మార్కులు, పెన్ మీటరుకి సగమే

దక్షిణ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి చుట్టుపక్కల నాగావళిలోకో వంశధారలోకో దిగే గెడ్డల (వాగుల) మీద రసాయనాల ప్రభావం చూడాలనుకునే సంఘాలకీ, సైన్సు మాస్టార్లకీ బజారులో దొరికే "అన్నీ ఒకే సంచిలో" రకం కిట్టు గురించి ఈ సమీక్ష. సంచిలో సాధారణంగా ఉండేవి: కర్రకి బిగించిన చేతివల, తెల్ల ట్రే, పట్టకారు, భూతద్దం, పురుగుల బొమ్మల కార్డు, కరిగిన ఆక్సిజన్ చూసే చుక్కల సీసాలు, అమ్మోనియా సీసాలు, రంగు మారే కాగితపు పట్టీలు, పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణం), టీడీఎస్ (నీటిలో కరిగిన లవణాల మొత్తం) చూసే పెన్ మీటర్లు. ఇలాంటి సంచులు రకరకాల పేర్లతో వస్తాయి కాబట్టి ఏ పేరూ రాయడం లేదు. ఏ వస్తువు ఎలా ఉండాలో రాస్తున్నాం. కొనే ముందు పక్కన పెట్టి సరిచూసుకోండి.

తీర్పు ముందే చెప్పేస్తాం. ఈ సంచిలో చూడ్డానికి నాటుగా ఉండేది వల, అందరికంటే ఎక్కువ పని చేసేదీ అదే. అందంగా మెరిసే పెన్ మీటరు మీద పెట్టుకున్న నమ్మకం మటుకు సగానికి తగ్గించుకోవాలి.

కారణం ఏమంటే, ఫ్యాక్టరీ తూములోంచి వదిలిన నీళ్లు గానీ, పత్తి చేల మీంచి వానకి కొట్టుకొచ్చిన మందు గానీ రాత్రి రెండింటికి గెడ్డలో కలిస్తే తెల్లారేసరికి కిందికి వెళ్లిపోతాయి. ఉదయం పదింటికి మీరు సీసాలో పట్టేది ఆ వెనక వచ్చిన మంచినీళ్లు. మీటరు వాటి సంగతే చెబుతుంది. రాళ్ల కింద ఉన్న పురుగుకి ఆ రాత్రి తప్పించుకునే దారి లేదు. తూనీగ పిల్ల నెలల తరబడి, కొన్ని జాతుల్లో ఏడాదికి పైగా, రెక్కలు వచ్చేదాకా అదే గులకరాళ్ల మధ్య బతకాలి. అది అక్కడ ఉందంటే ఆ నెలలన్నీ నీళ్లు దానికి సరిపడ్డాయన్నమాట. ఉండాల్సిన చోట లేదంటే ఎందుకు లేదో వెతకాలి. ఆ వెతుకులాటలో రెండో అడుగుకే రసాయన పరీక్షలు.

వల

చట్రం ఇంగ్లీషు డి అక్షరం ఆకారంలో, చదునైన అంచు 25 నుంచి 30 సెంటీమీటర్లు ఉండాలి. గుండ్రటి చట్రం నేలకి ఆనదు, పురుగులన్నీ కిందనుంచి జారిపోతాయి. వల కన్ను అర మిల్లీమీటరు. దోమతెర గుడ్డతో కుట్టి అమ్మే వలలున్నాయి, వాటి కన్ను మిల్లీమీటరుకి పైనే. చిన్న మేఫ్లై (నీటిలో పెరిగే ఒక రెక్కల పురుగు) పిల్లలూ, ఎర్ర పురుగులూ అందులోంచి కారిపోతాయి. దుకాణంలోనే చిన్న పరీక్ష పెట్టొచ్చు: గుప్పెడు గసగసాలు వలలో పోసి ఆడించండి. అవి రాలిపోతే ఆ వల వద్దు. రాలకపోతే వల కన్ను మరీ పెద్దది కాదని మాత్రమే అర్థం. అప్పుడు స్కేలు పెట్టి సెంటీమీటరు పొడవులో ఎన్ని కళ్లున్నాయో భూతద్దంతో లెక్కపెట్టాలి. దారం మందం పోను పద్నాలుగూ పదిహేను తగిలితే బాగున్నట్టు.

సంచి లోతు 40 సెంటీమీటర్లకి తక్కువైతే నీటి ఒరవడికి లోపలికి వచ్చిందే మళ్లీ బయటికి పోతుంది. చట్రం దగ్గర కుట్టు చుట్టూ కాన్వాసు పట్టీ ఉందో లేదో తప్పకుండా చూడండి. మన కొండ గెడ్డల్లో రాళ్లు పదునైనవి, పట్టీ లేని వల నాలుగైదుసార్లకే అంచున చిరుగుతుంది. అల్యూమినియం గొట్టాల మరలు తొందరగా లూజవుతాయి. పిడి తీసేసి సంతలో దొరికే గట్టి వెదురు కర్ర బిగించుకుంటే ఇంకా నయం.

వాడే పద్ధతిలో ఎక్కువమంది పొరబడతారు. వల నోరు ఎగువకి చూడాలి, చదునైన అంచు నేలకి ఆనాలి. మనిషి వలకి ఎగువన, ఒక అడుగు దూరంలో నిలబడి, మడమతో రాళ్లని కదిలించాలి. లేచిన మట్టీ పురుగులూ ప్రవాహమే వలలోకి తెస్తుంది. ఇలా మొత్తం 3 నిమిషాలు, గడియారం చూసి. ఆ 3 నిమిషాలనీ రాళ్ల మీద నీళ్లు గలగలా పారే చోటు, ఆకులు చేరిన మూల, ఒడ్డు గడ్డి వేళ్లు, ఇసుక, వీటన్నిటికీ గెడ్డలో అవి ఉన్నంత మేరకి పంచాలి. ఆ తరవాత మరో నిమిషం పెద్ద రాళ్లు చేత్తో ఎత్తి అడుగు భాగం చూడాలి. చిన్న నాణెంలా రాయికి అంటుకుని ఉండే వాటర్ పెన్నీ పురుగు ఎంత తన్నినా ఊడదు. మెత్తని బ్రష్షుతోనో వేలి గోటితోనో నెమ్మదిగా తీయాలి.

చోట్లు నాలుగుంటే అన్నిటికంటే దిగువన ఉన్నదానితో మొదలుపెట్టి ఎగువకి వెళ్లండి. ఎగువన ముందు తన్నితే అక్కడ లేచిన బురదా పురుగులూ దిగువ చోటు లెక్కని పాడుచేస్తాయి. చోటు మారినప్పుడల్లా వలని తిరగేసి కడగాలి. ముందు చోటు మేఫ్లై పిల్ల ఒక్కటి వల మడతలో ఇరుక్కుని తరవాతి చోటు ట్రేలో పడితే, చచ్చిన గెడ్డ బతికున్నట్టు నమోదవుతుంది. నీళ్లు మోకాలు దాటితే దిగొద్దు.

కిట్టులోని ట్రే దాదాపు అన్నిట్లోనూ చిన్నదే. వంటింటి సామాన్ల కొట్లో దొరికే వెడల్పాటి తెల్ల ప్లాస్టిక్ టబ్బు కొనుక్కోండి. స్టీలు పళ్లెం మెరుపులో ఏమీ కనపడవు. రెండు వేళ్ల లోతు గెడ్డ నీళ్లు పోసి, వలలోది కొంచెం కొంచెంగా వేసి, ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. అప్పటిదాకా చెత్తలా కనిపించింది నడవడం మొదలుపెడుతుంది. ఇసుక రేణువులతోనూ ఆకు ముక్కలతోనూ గూడు కట్టుకున్న క్యాడిస్ అనే పురుగు పిల్లలు ఆఖరున తల బయట పెడతాయి. తొందరపడి పారబోసేవాళ్లు పోగొట్టుకునేది సరిగ్గా వాటినే.

బొమ్మల కార్డు

కిట్టులో మా అసంతృప్తి ఎక్కువగా ఈ కార్డు మీదే. చాలా కిట్లలో కార్డు ఇంగ్లీషులోనే ఉంటుంది, బొమ్మలు చల్లటి దేశాల పురుగులవి. ఇక్కడ తరచు కనిపించే పొడుగాటి మెలిక నత్తలూ, మంచినీటి రొయ్యలూ, గెడ్డ పీతలూ అందులో ఉండవు. పైగా స్టోన్‌ఫ్లై లేకపోతే నీళ్లు చెడ్డవని రాసేస్తారు. స్టోన్‌ఫ్లై చల్లగా, చురుగ్గా పారే నీళ్లలో ఉండే పురుగు. గుణుపురం దగ్గరి పల్లపు నేలలో, ఎండకి వేడెక్కిన గెడ్డలో అది లేకపోవడం సహజమే కావచ్చు. దాన్ని చూసి పైన ఎవరో విషం కలిపారని రాస్తే, తరవాత మీరు చెప్పే నిజాలని కూడా ఎవరూ నమ్మరు. అందుకే కార్డుతో కాదు, అదే గెడ్డ ఎగువతో పోల్చాలి.

గుర్తులు మటుకు కష్టం కాదు. స్టోన్‌ఫ్లై పిల్లకి తోకలు రెండు, కాలి చివర గోళ్లు రెండు. మేఫ్లై పిల్లకి తోకలు ఎక్కువగా మూడు, కొన్నిటికి రెండే. కానీ కాలికి గోరు ఒక్కటే, పొట్ట పక్కల ఆకుల్లా ఊగే మొప్పలుంటాయి. సన్న తూనీగ పిల్లకి చివర మూడు ఆకుల్లాంటి మొప్పలు, లావు తూనీగ పిల్లకి అవి ఉండవు. రక్తంలా ఎర్రగా మెలికలు తిరిగేది కైరోనమస్ జాతి ఈగ పిల్ల. దాని ఒంట్లో హిమోగ్లోబిన్ ఉంటుంది కాబట్టి ఆక్సిజన్ అడుగంటిన బురదలోనూ బతికేస్తుంది. నీటి తేళ్లూ, నీటి మీద పరుగెత్తే పురుగులూ గాలి పీల్చేవి. వాటిని చూసి నీటిలో ఆక్సిజన్ ఉందనుకోకూడదు. చేపల్లో కొర్రమీను, మార్పు, ఇంగిలాయి కూడా అంతే, నీటిపైకి వచ్చి గాలి పీల్చగలవు. "చేపలున్నాయి కదా" అని ఎవరైనా అంటే ఏ చేపలని అడగండి.

కార్డు వెనక మార్కుల పట్టిక ఉంటే ఆ కిట్టు విలువ పెరుగుతుంది. బ్రిటన్‌లో పుట్టిన బీఎండబ్ల్యూపీ అనే పద్ధతిలో ఒక్కో పురుగుల కుటుంబానికి 1 నుంచి 10 దాకా మార్కులు. కాలుష్యానికి తట్టుకోలేనివాటికి ఎక్కువ. మన కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి కూడా దీన్నే సవరించి వాడుతోంది. దాంతోపాటు వైవిధ్యం లెక్క కలిపి నదుల్ని నీలం రంగు నుంచి ఎరుపు దాకా 5 తరగతులు చేసింది.

లెక్క ఎలాగో ఊహించిన ఉదాహరణతో చూపిస్తాం. ఎగువన చదును మేఫ్లై (హెప్టాజీనిడే) 10, మొప్పలు చీలిన మేఫ్లై (లెప్టోఫ్లెబిడే) 10, ఇసుకలో దూరే తూనీగ (గాంఫిడే) 8, కీనిడే మేఫ్లై 7, వల కట్టే క్యాడిస్ (హైడ్రోసైకిడే) 5, బీటిడే మేఫ్లై 4 దొరికాయనుకోండి. మొత్తం 44, కుటుంబాలు 6, సగటు 7.3. దిగువన హైడ్రోసైకిడే 5, బీటిడే 4, లిమ్నియిడే నత్త 3, కైరోనమిడే 2, బురద వానపాము 1. మొత్తం 15, కుటుంబాలు 5, సగటు 3. కుటుంబాల సంఖ్య ఆరు నుంచి ఐదుకే తగ్గింది, సగటు మటుకు సగానికంటే కిందికి పడిపోయింది. ఎన్ని రకాలున్నాయని మాత్రమే లెక్కపెట్టేవాళ్లకి ఈ తేడా కనపడదు.

మండలి పట్టికలో సగటు 7 దాటితే శుభ్రం, 3 నుంచి 6 మధ్యస్థ కాలుష్యం, 2 నుంచి 5 తీవ్ర కాలుష్యం. చివరి రెండూ ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉన్నాయని గమనించండి. 3 సగటు ఎటైనా పోవచ్చు. అక్కడ తేల్చేది వైవిధ్యం లెక్క. ట్రేలోంచి పురుగుల్ని ఏరకుండా చేతికి వచ్చిన వరసలో తీస్తూ, ప్రతిదాన్నీ దాని ముందుదానితో పోల్చాలి. వేరే రకమైతే కొత్త గుంపు మొదలైనట్టు. గుంపుల సంఖ్యని మొత్తం పురుగులతో భాగించాలి. 40 పురుగుల్లో 10 గుంపులే వస్తే 0.25. మధ్యస్థానికి కనీసం 0.3 ఉండాలి కాబట్టి ఆ దిగువ చోటు తీవ్రం కిందకే పోతుంది. ఇక్కడ జరిగే పొరపాటు ఒకటే: పెద్దవీ, అందమైనవీ ముందు ఏరుతారు. అప్పుడు పక్కపక్కన వేరేవే పడి వైవిధ్యం అబద్ధంగా పెరుగుతుంది.

కరిగిన ఆక్సిజన్ సీసాలు

వల తరవాత కిట్టులో రెండో మంచి వస్తువు ఇదే. వింక్లర్ పద్ధతి, నూరేళ్లు దాటిన పాత పద్ధతి, సరిగ్గా చేస్తే చవక ఎలక్ట్రానిక్ మీటరు కంటే నమ్మదగ్గది. గాజు సీసాని నీటిలో ముంచి బుడగ లేకుండా నింపాలి. మాంగనస్ సల్ఫేటు, తరవాత క్షార అయోడైడ్ అజైడ్, డ్రాపరు మొన నీటి లోపల ఉంచి వేయాలి. బిరడా పెట్టి తిరగేస్తూ కలిపితే గోధుమరంగు మడ్డి పడుతుంది. మడ్డి తెల్లగానే ఉండిపోతే ఆ నీటిలో ఆక్సిజన్ లేనట్టే. సగం దాకా దిగాక మరోసారి కలిపి, మళ్లీ దిగనిచ్చి, అప్పుడు ఆమ్లం. మడ్డి కరిగి నీళ్లు పసుపవుతాయి. థయోసల్ఫేటు చుక్క చుక్క వేస్తూ లేత గడ్డి రంగుకి వచ్చాక స్టార్చి వేయాలి, నీలం వస్తుంది. ఆ నీలం పోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. కాసేపటికి నీలం మళ్లీ వస్తే పట్టించుకోవద్దు. స్టార్చి ముందే వేస్తే రంగు సరిగ్గా విరగదు, రెండు మూడు చుక్కలు ఎక్కువ పడతాయి.

కొనేటప్పుడు ఒక్క చుక్క ఎంతకి సమానమో చదవండి. లీటరుకి 1 మిల్లీగ్రాము అయితే ఆ కిట్టు మొరటుది. అర మిల్లీగ్రాము గానీ అంతకంటే తక్కువ గానీ అయితే పనికొస్తుంది. అడవి జంతువులకీ, చేపల పెంపకానికీ తగిన నీళ్లలో కనీసం 4 ఉండాలని కేంద్ర మండలి ప్రమాణం. 4కీ 5కీ మధ్య తేడా చెప్పలేని కిట్టు ఎందుకు?

థయోసల్ఫేటు ఎండకి నీరసిస్తుంది. నీరసించిన మందు ఎక్కువ చుక్కలు తింటుంది, అంటే లేని ఆక్సిజన్‌ని ఉన్నట్టు చూపిస్తుంది. ఈ తప్పు కాలుష్యాన్ని దాచే వైపు జరుగుతుంది కాబట్టి మరీ ప్రమాదం. పరీక్ష సులువు: మంచినీటిని ఒక బకెట్లోంచి ఇంకో బకెట్లోకి ఎత్తు నుంచి ఇరవైసార్లు పోసి, కాసేపు ఆగి కొలవండి. నీళ్లు 25 డిగ్రీలుంటే 8.2 దగ్గర, 30 డిగ్రీలుంటే 7.5 దగ్గర రావాలి. అంతకంటే బాగా ఎక్కువ వస్తే ఆ సీసా పక్కన పెట్టండి. కోరాపుట్ పీఠభూమి ఎత్తులో గాలి పలచన, అక్కడ దాదాపు పదో వంతు తక్కువ వస్తుంది, అది మందు తప్పు కాదు.

నాచు పట్టిన గెడ్డలో మధ్యాహ్నం ఆక్సిజన్ ఉండాల్సినదానికంటే ఎక్కువుంటుంది, తెల్లవారుజామున అడుగంటుతుంది. జీవాలు చచ్చేది ఆ వేళే. సూర్యుడు రాకముందు కొలిచిన అంకె ఒక్కటి మధ్యాహ్నపు పది అంకెలకి సమానం. కాగితం గుజ్జు తయారీ రకం వ్యర్థంలో సల్ఫైటు ఉంటే అది అయోడిన్‌ని తినేసి ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. అలాంటి చోట ల్యాబులో ఆక్సిజన్ కొలిచే ఎలక్ట్రానిక్ ప్రోబుతో సరిచూడాలి.

అమ్మోనియా సీసాలు

ఇక్కడ కొనేముందు సీసా మీద పేరు చదవడం తప్పనిసరి. నెస్లర్ ద్రావణం అని ఉంటే అందులో పాదరసం ఉంది. గెడ్డని కాపాడటానికి వెళ్లి పాదరసం ఒలకబోసి రావడం మాకు సమ్మతం కాదు. సాలిసిలేట్ పద్ధతి కిట్లు దొరుకుతాయి, ఆకుపచ్చ రంగు వస్తుంది, పాదరసం లేదు. వాటినే అడగండి. నెస్లర్‌కి ఇంకో లోపం కూడా ఉంది: వచ్చేది పసుపు రంగు, గెడ్డ నీళ్లే గోధుమరంగులో ఉంటే రెండూ కలిసిపోతాయి.

కిట్టు చెప్పేది మొత్తం అమ్మోనియా. చేపనీ పురుగునీ చంపేది అందులో అమ్మోనియంగా మారకుండా విడిగా ఉన్న అమ్మోనియా భాగం. ఆ భాగం పీహెచ్ మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 అయితే నూటికి ఒక వంతు కూడా ఉండదు, 8 అయితే 5, 9 అయితే 36 వంతులు. అంటే కిట్టు రెండు చోట్లా ఒకే 2 మిల్లీగ్రాములు చూపించినా, పీహెచ్ 7 ఉన్న చోట అసలు విషం 0.01, పీహెచ్ 9 ఉన్న చోట 0.7. చేపలకి తగిన నీళ్లకి కేంద్ర మండలి పెట్టిన హద్దు 1.2, అదీ ఈ విడి అమ్మోనియాకే. బాక్సైటు శుద్ధిలో కాస్టిక్ సోడా వాడతారు కాబట్టి అలాంటి పరిశ్రమలకి దిగువన పీహెచ్ చూడకుండా అమ్మోనియా అంకె రాస్తే దానికి అర్థం లేదు.

పెన్ మీటర్లు

పీహెచ్ పెన్ గాజు బుడిపె ఎండితే చచ్చినట్టే. మూతలో పొటాషియం క్లోరైడ్ ద్రావణం నిలవ ఉండాలి, డిస్టిల్డ్ వాటర్ కాదు. వెళ్లే రోజు ఉదయం 7.00, 9.18 బఫర్లలో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణాల్లో) సరిచూడాలి. కిట్టులో ఇచ్చే బఫర్ పొట్లాలు ఒక్కసారికే. కొండ మీంచి వచ్చే గెడ్డల్లో లవణాలు తక్కువ, అందులో పెన్ అంకె నిలకడగా ఆగదు. కదపకుండా మూడు నాలుగు నిమిషాలు ఉంచి చదవాలి. మొదటి అంకె రాసేసి వచ్చేవాళ్లే ఎక్కువ.

టీడీఎస్ పెన్ నిజానికి విద్యుత్ వాహకతని కొలిచి దాన్ని 0.5కో 0.7కో గుణించి చూపిస్తుంది. వీలైతే వాహకత బటన్ ఉన్నది కొనండి. కొన్ని వందల రూపాయల్లోనే వస్తుంది. దాని మంచి ఉపయోగం ఒకటుంది: గెడ్డ వెంట నడుస్తూ యాభై అడుగులకోసారి ముంచండి. అంకె ఉన్నట్టుండి ఎగిరిన చోట పక్కనుంచి ఏదో కలుస్తోంది. కంటికి కనపడని తూము అలా దొరుకుతుంది. అంతకుమించి, "టీడీఎస్ తక్కువ కాబట్టి నీళ్లు మంచివి" అనే మాట ఎవరన్నా వినొద్దు. పురుగుమందు లీటరుకి మైక్రోగ్రాముల్లో చంపుతుంది, టీడీఎస్ పెన్‌కి అది కనపడనే కనపడదు.

కాగితపు పట్టీల గురించి రాయడానికి ఏమీ లేదు. సంచిలోంచి తీసేయండి.

నీటి మీద ఇంద్రధనుస్సులా మెరిసే పొర చూసి నూనె కలిసిందని ఫోన్లు చేసేవాళ్లున్నారు. పుల్లతో కదపండి. పగిలి ముక్కలుగా విడిపోతే అది ఇనుప బ్యాక్టీరియా పొర, మన నేలల్లో సహజం. విడిపోయి మళ్లీ కలిసిపోతే అది నూనె. రాళ్లకి బూడిదరంగు దూదిలా వేలాడే జిగురు కనిపిస్తే మటుకు తేలిగ్గా వదలొద్దు. గుజ్జు, పిండి, చక్కెర రకం వ్యర్థం నిత్యం దిగుతున్నచోట అది పెరుగుతుంది.

కిట్టుకి అందనిది

రాయగడ జిల్లాలో పత్తి ఎక్కువ. విత్తేది జూన్, జూలైల్లో, మందు కొట్టేది వానలు పడుతున్నప్పుడే. ఏ సంచిలోనూ పురుగుమందు చూసే సీసా ఉండదు, ఉందని ఎవరైనా చెబితే నమ్మొద్దు. ఇమిడాక్లోప్రిడ్ లాంటివి నీటిలో కరిగి పోతాయి, మేఫ్లై పిల్లలు వాటికి మరీ సున్నితం. సైపర్‌మెత్రిన్ లాంటి పైరెత్రాయిడ్లు బురదకి అంటుకుంటాయి, కాబట్టి వాటికోసం నీళ్లు కాదు, గెడ్డ అడుగు మెత్తని బురద పంపాలి. వల మాత్రం ఇక్కడా ఒక గుర్తు ఇస్తుంది: ఆక్సిజన్ బాగుంది, అమ్మోనియా లేదు, నత్తలూ జలగలూ వానపాములూ హాయిగా ఉన్నాయి, మేఫ్లైలూ క్యాడిస్‌లూ మాయమయ్యాయి అంటే మొదట పురుగుమందునే అనుమానించాలి. మురుగు నీటికైతే ఆక్సిజన్ కూడా పడిపోయేది. ఈ ఆలోచన మీదే 2005లో జర్మనీ శాస్త్రవేత్తలు స్పియర్ అనే సూచిక తయారుచేశారు.

పైన ఫెర్రోక్రోమ్ (ఇనుము, క్రోమియం మిశ్రమ లోహం) ఫ్యాక్టరీ బూడిద గుట్టలుంటే ఆరు సంయోజకత క్రోమియం, అంటే క్రోమియంలో విషపు రూపం, చూడాలి. డైఫినైల్ కార్బజైడ్ వేస్తే ఊదారంగు వచ్చే విడి కిట్టు దొరుకుతుంది. పరిశ్రమ వదిలే నీటిలో దానికి హద్దు లీటరుకి 0.1 మిల్లీగ్రాము. మిగతా లోహాలకి ల్యాబే గతి. గుర్తింపు ఉన్న ల్యాబుకి పంపేటప్పుడు: లోహాలకి ప్లాస్టిక్ సీసా, నైట్రిక్ ఆమ్లం వేసి పీహెచ్ 2కి దించాలి. పురుగుమందుకి ముదురు గోధుమరంగు గాజు సీసా, ప్లాస్టిక్ అస్సలు వద్దు. బీఓడీకి (నీటిలోని కుళ్లే పదార్థాన్ని తినడానికి సూక్ష్మజీవులు వాడుకునే ఆక్సిజన్ లెక్క) మంచులో పెట్టి వీలైనంత తొందరగా, ఎలాగైనా 24 గంటల్లోపు చేరాలి. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి, విజయనగరం మీదుగా విశాఖకి రైలుంది కాబట్టి పొద్దున తీసిన సీసా సాయంత్రానికి చేరుతుంది. ఆదివారం తీయకండి. బీఓడీ ఫలితం వచ్చాక అది 27 డిగ్రీల్లో 3 రోజులదా, 20 డిగ్రీల్లో 5 రోజులదా అడగండి. మన దేశ ప్రమాణం మొదటిది. రెండు ల్యాబుల కాగితాలు పక్కన పెట్టి పోల్చేముందు ఇది చూసుకోకపోతే వాదన నిలవదు.

పరిశ్రమల నీటికి చట్టంలోనే జీవ పరీక్ష ఉంది: 1986 పర్యావరణ పరిరక్షణ నియమాల ప్రకారం, పలచన చేయని వ్యర్థ జలంలో 96 గంటల తరవాత నూటికి 90 చేపలు బతికుండాలి. రాయగడలో ఒడిశా రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం ఉంది. దరఖాస్తులో "నీళ్లు బాగాలేవు" అని రాసే బదులు ఎగువ, దిగువ మార్కుల పట్టికా, తెల్లవారుజాము ఆక్సిజన్ అంకె జతచేసి ఈ చేపల పరీక్ష ఫలితం కోరండి.

ఎక్కడ, ఎప్పుడు

కిట్టుతో వచ్చే చిన్న పుస్తకాల్లో సరిగ్గా చెప్పనిది ఇదే. అనుమానం ఉన్న చోటుకి ఎగువన ఒకటి, కలిసిన వెంటనే కాకుండా నీళ్లు పూర్తిగా కలిసిపోయిన చోట ఒకటి, ఇంకా దిగువన కోలుకుంటోందా అని చూడటానికి ఒకటి. మూడూ ఒకేలాంటి చోట్లు కావాలి: రాళ్ల మీద పారే చోటుని మడుగుతో పోల్చకూడదు, చెట్టు నీడ ఉన్నదాన్ని లేనిదాంతో పోల్చకూడదు. ఒక్కో చోట మూడేసి సార్లు వల వేయాలి. రోడ్డు పనీ, కొండ పోడూ ఉన్నచోట ఇసుకా మట్టీ వచ్చి రాళ్ల సందులు పూడుకుపోతాయి. అప్పుడు కూడా మేఫ్లైలు పోతాయి, దానికి రసాయనంతో పని లేదు. రాయి ఎత్తినప్పుడు ఎంతమేర ఇసుకలో కూరుకుందో ప్రతి చోటా రాసుకోండి.

పెద్ద వరద గెడ్డ అడుగుని ఊడ్చేస్తుంది. అది తగ్గిన మూడు వారాల దాకా వల వేయొద్దు. నవంబరు ఆఖరు, ఫిబ్రవరి మంచి కాలాలు. ఈ ఏడాది ఫిబ్రవరిని వచ్చే ఫిబ్రవరితోనే పోల్చాలి, నవంబరుతో కాదు. పత్తి మందు అనుమానమైతే సెప్టెంబరులో, నీళ్లు దిగగలిగినంత తగ్గినప్పుడు, అదనంగా ఒకసారి.

డబ్బు తక్కువైతే మొత్తం సంచి కొనకండి. వల, టబ్బు, పట్టకారు, పది రెట్ల భూతద్దం, ఆక్సిజన్ సీసాలు, వాహకత పెన్. వీటితో పనిలో ముప్పాతిక వంతు అవుతుంది. పీహెచ్ పెన్, సాలిసిలేట్ అమ్మోనియా తరవాత చేర్చుకోవచ్చు. ద్రావణాల సీసాల మీద గడువు తేదీ చూడకుండా తీసుకోవద్దు. రీఫిల్ విడిగా అమ్మని దుకాణంలో కిట్టు కొంటే ఏడాది తిరక్కుండా సంచి మూలపడుతుంది.

వింక్లర్ ద్రావణాల్లో అజైడ్ విషం, ఆమ్లం గాఢమైంది. చేతి తొడుగులు వేసుకోండి, పరీక్ష అయిన నీళ్లన్నీ మూత గట్టిగా ఉన్న ఖాళీ డబ్బాలో ఇంటికి తెండి, గెడ్డలో పారబోయొద్దు. పురుగుల్ని లెక్కపెట్టాక బతికినవాటిని తీసిన చోటే వదిలేయండి. గుర్తు తెలియనివి ఒకటి రెండు మాత్రం 70 శాతం ఆల్కహాలులో దాచాలి. పురుగు ఒంటి నీళ్లు కలిసి ఆల్కహాలు పలచబడుతుంది కాబట్టి మర్నాడు ఒకసారి మార్చాలి, లేదంటే వారంలో మెత్తబడి కాళ్లు ఊడిపోతాయి. చీటీ సీసా బయట అంటించొద్దు, ఊడుతుంది. చిన్న కాగితం మీద పెన్సిల్‌తో గెడ్డ పేరు, చోటు, తేదీ రాసి సీసా లోపలే వేయండి. బాల్ పెన్ సిరా ఆల్కహాలులో కరిగిపోతుంది, పెన్సిల్ గీత చెదరదు.